ఒక పై కామా ఎక్కువ

హనుమంతప్ప ఆఫీసు మెట్లెక్కే మనుషులు రెండు రకాలని ధర్మరాజ్ లెక్క. పెళ్లికొడుకు గుణం ఎట్లాంటిదో విచారించమని వచ్చేవాళ్లు ఆగి ఆగి ఎక్కుతారు. నిజంగా భయపడ్డవాళ్లు రెండేసి మెట్లు ఎక్కుతారు. 1985 సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున ఎనిమిది గంటలకి వచ్చిన అమ్మాయి రెండేసి మెట్లే ఎక్కింది. ఆమె వెనకాల వచ్చిన పెద్దామె మాత్రం ఒక్కో మెట్టు మీద నిలబడి, మళ్లీ కదిలి, నిదానంగా వచ్చింది. ధర్మరాజ్ మొదటి అడుగుల చప్పుడే విన్నాడు. హనుమంతప్ప రెండూ విన్నాడు.

తమిళనాడులోని ధర్మపురి బస్టాండు ఎదుట సైకిల్ షాపు ఉంది. దాని మిద్దె మీద ఒకే ఒక్క గది ఆ ఆఫీసు. ప్రైవేట్ డిటెక్టివ్ కాకముందు హనుమంతప్ప ఇరవై రెండేళ్లు తపాలా శాఖలో పనిచేశాడు. అడ్రసు సరిగా లేని ఉత్తరాలు ఎవరివో కనిపెట్టి చేర్చడం ఆయన పని. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్లో చదివింది తమిళం. కోపం రెండింటిలోనూ వస్తుంది. ధర్మరాజ్ ఒకప్పుడు బస్సు కండక్టరు, ఇప్పుడు ఆయనకి అసిస్టెంటు. ఆయన్ని అన్నా అని పిలుస్తాడు, మా అన్న అంతటి బుర్ర మద్రాసులో కూడా లేదని బల్లగుద్ది చెబుతాడు. అతను మద్రాసు ఎప్పుడూ చూడలేదు, అది వేరే సంగతి.

"సార్, నా పని పోయింది. నేను రాయని కాగితం వల్ల పోయింది," అంది అమ్మాయి, కూర్చోకుండానే.

"కూర్చో పాప. నీళ్లు తాగి మొదట్నించి చెప్పు. పేరు?"

"సరసు. ఈమె మాయమ్మ, మాదమ్మాళ్."

తల్లి గదిలోకి రాలేదు. గడప దగ్గరే కొంగు సర్దుకొని కింద కూర్చుంది.

"లోపలికి రామ్మా, కుర్చీ ఉండాది," అన్నాడు హనుమంతప్ప.

"ఇక్కడే బాగుంది సామీ," అందామె.

సరసు చెప్పింది ఇది. ఆమెకి ఇరవై ఏళ్లు. తండ్రి లేడు. తల్లి కట్టడాల దగ్గర ఇటుకలూ సిమెంటు కలిపిన తట్టలూ మోసే చిత్తాళు పని చేస్తుంది. ప్లస్ టూ అయ్యాక సరసు టైపు నేర్చుకుంది. వడివేలు మాస్టారి దగ్గర ఎనిమిది నెలలుగా సాయంత్రాలు ఇంగ్లీషు నేర్చుకుంటోంది. ఏ. పళ్లిపట్టిలో కొత్తగా పెట్టిన ప్రైవేటు స్కూల్లో ఆఫీసు గుమాస్తా పనికి నలభై మంది పోటీ పడితే ఆమెని తీసుకున్నారు. ఉండటానికి గది కూడా ఇస్తామన్నారు. సోమవారం పొద్దున పది గంటలకి చేరాలి.

"నిన్న ఆ గది సంగతి అడిగేదానికి కరస్పాండెంట్ ఇంటికి పోయినాను సార్. 'నువ్వే కదమ్మా రానని రాసినావు, నీ తర్వాత ఉండే అన్బళగన్‌కి ఆర్డరు పంపేసినాను' అన్నాడు. ఎంతో బతిమాలితే ఈ కాగితం ఇచ్చినాడు. సాయంత్రానికి తిరిగి ఇయ్యాల."

ఆమె కవరూ కాగితమూ బల్ల మీద పెట్టింది. గీతల్లేని తెల్ల కాగితం. నీలం సిరా. ఒక్కో అక్షరం విడివిడిగా, చెక్కినట్టు ఉంది.

Respected Sir,
I've got your order. I can't come. It's far. I wo'n't join the work. Don't wait. Here I'm. Here I'll be.
G. Sarasu

ధర్మరాజ్ మెడ సాచి చూశాడు. ఆ గదిలో బల్ల మీద కాగితం పెడితే చూడనివాళ్లుండరు. చదువు రానివాళ్లు కూడా అందులో ఏముందో అని ఓసారి తొంగి చూస్తారు. మాదమ్మాళ్ మాత్రం కిటికీలోంచి బస్సులు చూస్తూ ఉండిపోయింది.

"ఇది నీ చేతిరాత కాదని ఆయనకి చెప్పినావా?"

"చెప్పినాను. ఆఫీసుకి రాసేటప్పుడు ఎవురైనా నిదానంగానే రాస్తారు అన్నాడు. నా అప్లికేషన్ టైపు చేసింది. సంతకం తమిళంలో పెట్టినాను. పోల్చి చూసేదానికి ఏమీ లేదు సార్."

"ఎవరి మీద అనుమానం?"

"అన్బళగనే. అతనూ మా క్లాసే. ఊరు కడత్తూరు. కవరు మీద ముద్ర చూడండి, కడత్తూరే. నేను పోకపోతే ఆ పని అతనికే కదా!"

"పోనీలే పాప," అంది గడప దగ్గర్నుంచి మాదమ్మాళ్. "ఇంకో పని రాకుండా పోతాదా? సామిని ఎందుకు ఇబ్బంది పెట్టేది?"

సరసు ముఖం ఎర్రబడింది. "ఇంకో పనంటే ఏందమ్మా? నీ మాదిరి తల మీద ఇటుకలు మోసేదా? నాకి ఆ పని కావాల. అదే కావాల!"

మాదమ్మాళ్ తల వంచుకుంది. ధర్మరాజ్‌కి అమ్మాయి మీద జాలి, కనబడని అన్బళగన్ మీద మంట ఒక్కసారే కలిగాయి.

హనుమంతప్ప భూతద్దం తీశాడు. కాగితాన్ని వెలుతురుకి అడ్డంగా పట్టాడు. ప్రతి వరస కిందా సన్నటి, ఎర్రటి గీత ఉంది. పెన్సిలుతో గీసింది కాదు. వేలితో రాస్తే ఎర్రపొడి అంటింది.

"ఇటుకపొడి," అన్నాడాయన. తర్వాత కవరు చూసి నవ్వాడు. "ధర్మరాజ్, అడ్రసు చదువు."

ధర్మరాజ్ చదివాడు. స్కూలు పేరు, ఊరు, జిల్లా, చివరగా ఫోను నంబరు.

"కవరు మీద ఫోను నంబరు రాసేవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. స్కూలు వాళ్ల కాగితం మీద అచ్చయి ఉన్నదంతా చూసి దించినారు. ఉత్తరం రాయడం అలవాటు లేని చేయి ఇది. సరే పాప, ఒక సంగతి చెప్పు. రెండు మాటల్ని ఇట్లా కుదించి, మధ్యలో పై కామా పెట్టి రాసేది నీకు వచ్చునా?"

"చదివితే తెలుస్తాది సార్. రాసేది మాత్రం రాదు. ఎక్కడ కామా పెట్టాలో తికమకగా ఉంటాది. అందుకే అన్నీ పూర్తిగా రాస్తాను. మాస్టరు ఆ పాఠం మొన్న మంగళవారం చెప్పినాడంట. ఆ పొద్దు నాకు జొరం, పోలేదు. గురువారం పోయి అడిగితే, అందరి నోటుబుక్కులూ దిద్దేదానికి మాస్టరు బీరువాలో పెట్టుకొన్నాడు. ఆ పాఠం నేను ఇంకా చూడనేలేదు."

"క్లాసు ముగిసేటప్పటికి చీకటి పడతాదే. ఒక్కదానివే వస్తావా?"

"లేదు సార్, అమ్మ తోడు వస్తాది. పనినించి నేరుగా వచ్చేస్తాది. ఒక్క రోజు కూడా తప్పలేదు."

"మంచిది. సాయంత్రం ఆరింటికి ఇద్దరూ మీ క్లాసుకే రండి. సోమవారం నువ్వు పళ్లిపట్టి బస్సు ఎక్కుతావు. ఇది నా మాట."

అన్న అట్లా మాట ఇచ్చాడంటే సగం కేసు అయిపోయినట్టేనని ధర్మరాజ్‌కి తెలుసు. ఏ సగమో మాత్రం తెలియలేదు.

స్కూలు నడిపే కరస్పాండెంట్ సుబ్బరాయప్ప ఇల్లు ధర్మపురిలోనే ఉంది. ఆయన ఉయ్యాల బల్ల మీద కూర్చుని, ఎవరు అడ్డొచ్చినా ఊగడం మానని మనిషి.

"కాగితం వచ్చింది, నమ్మినాను. తప్పేముంది?" అన్నాడు ఊగుతూనే.

"గురువారం వచ్చిందా?"

"గురువారం. ముద్ర బుధవారం తేదీది. శుక్రవారం పొద్దునే అన్బళగన్‌కి ఆర్డరు పంపినాను. స్కూలు తెరిచిపెట్టుకొని గుమాస్తా లేకుండా ఎట్లయ్యా?"

"ఇంటర్వ్యూకి పిలిచినప్పుడు అందరికీ మీ స్కూలు పేరు అచ్చయిన కాగితం మీదే రాసినారా?"

"నలబై మందికీ అదే కాగితం."

"అంటే ఆ అడ్రసు నలబై ఇళ్లలో ఉంది," అన్నాడు హనుమంతప్ప. "సరే. ఆ పాప రాయలేదని నేను చూపిస్తే?"

ఉయ్యాల ఆగింది. "చూపించు. ఆ పని ఆ పాపదే. నేనేమీ రాక్షసుణ్ణి కాను. కానీ నమ్మకంగా చూపించాల. ఊరికే ఏడిస్తే చాలదు."

"సాయంత్రం ఆరింటికి వడివేలు మాస్టారి క్లాసుకి రండి."

వడివేలు మాస్టారు రిటైరై ఆరేళ్లయింది. టైపు ఇన్‌స్టిట్యూట్ వెనకాల పొడుగాటి రేకుల గది ఒకటి బాడుగకి తీసుకొని ఇంగ్లీషు చెబుతున్నాడు. బల్లలు ముందర రెండు వరసలు, తలుపు మాత్రం అటు కొసన. బోర్డు కొనలేదు, గోడకే నల్లరంగు పూయించాడు.

"కుదించి రాసేది పెద్ద బ్రహ్మవిద్య కాదయ్యా," అన్నాడు ఉత్సాహంగా. పాఠం అడిగితే ఆయనకి ఆకలి కూడా గుర్తుండదు. "రెండు మాటలు కలుస్తాయి, ఒక అక్షరం పడిపోతాది. పడిపోయిన చోట పై కామా. అది అక్షరానికి పెట్టిన గుర్తు. do not కలిస్తే o పడిపోతాది, don't. cannot అయితే can't. ఒక్క will not మాత్రం మాట వినదు, won't అయి కూర్చుంటాది. దాన్ని బట్టీ పట్టాల్సిందే."

"ఈ ఉత్తరం చూడండి మాస్టారూ."

మాస్టారు జేబులోంచి ఎర్ర పెన్ను తీసేశాడు, అలవాటు కొద్దీ. హనుమంతప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"దిద్దకండి, చెప్పండి చాలు."

"రెండు తప్పులు. ఈ wo'n't ఏందయ్యా? o తర్వాత ఇంకో పై కామా ఎందుకు? రెండోది, Here I'm. వాక్యం చివర అట్లా కుదించకూడదు. Here I am అనాల. అది గురువారం పాఠంలో చెప్పినాను. మంగళవారం కుదించిన మాటల పట్టీ మాత్రమే రాయించినాను."

"మంగళవారం ఎంతమంది వచ్చినారు?"

"వాన కదా, తొమ్మిది మందే. వెనకాల రేకులు కారతాయి. అందర్నీ మొదటి బల్లల్లో కూర్చోబెట్టినాను. అన్బళగన్ నా ఎదురుగానే. సరసుకి జొరమని వాళ్లమ్మ వచ్చి చెప్పి పోయింది. పోయిందంటే, వాన నిలిచిందాకా తలుపు దగ్గర కూర్చుని పోయింది. తొమ్మిది నోటుబుక్కులూ నా బీరువాలోనే ఉండాయి."

హనుమంతప్ప తొమ్మిదీ తెప్పించి మంగళవారం పేజీ చూశాడు. తొమ్మిదింటిలోనూ won't సరిగ్గా ఉంది. ఒక్కదాంట్లోనూ రెండో కామా లేదు.

తర్వాత ఆయన చేసిన పని ధర్మరాజ్‌కి వింతగా తోచింది. నల్లగోడ దగ్గరికి పోయి ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. మొదటి బల్లలో కూర్చున్నాడు. రెండో బల్లలో కూర్చున్నాడు. చివరికి తెల్ల పంచె సంగతి మరిచి, తలుపు గడప మీద చతికిలబడ్డాడు.

"మాస్టారూ, మీరు పట్టీ రాసేది ఎప్పుడూ ఒకే చోటనా?"

"ఎడమ పక్క, నా కంటి ఎత్తున మొదలు. ఒకే సైజు. ఇరవై ఏళ్లుగా చెయ్యి అక్కడికే పోతాది."

"చాలా మంచి అలవాటు," అన్నాడు హనుమంతప్ప, పంచె దులుపుకుంటూ.

మధ్యాహ్నం బస్సులో కడత్తూరు పోయారు. అన్బళగన్‌ని వెతకనక్కరలేకపోయింది. వాళ్ల నాయన ఇటుకల బట్టీ ఊరి బయటే ఉంది. అక్కడ మనుషులూ చెట్లూ కుక్కలూ అంతా ఎర్రపొడే. ధర్మరాజ్ మోచేత్తో హనుమంతప్పని పొడిచాడు. పోస్టు ముద్ర కుదిరింది, ఇటుకపొడి కుదిరింది, కారణం ఎటూ ఉంది. ఇంకేం కావాలి?

అన్బళగన్ కళ్లద్దాల కుర్రాడు, ఇరవై రెండేళ్లుంటాయి. సంగతి వినగానే భగ్గుమన్నాడు.

"నేను రాసినానా? సరసు పేరు పెట్టుకొని నేను రాసినానా? నాకి పని కావాలంటే ఇంకో చోట అడుగుతాను సార్. ఆ పాప తిండిని లాక్కొని తినను!"

"ఆర్డరు వచ్చిందా?"

"ఈ పొద్దే వచ్చింది. ఆమె వద్దనిందని సంతోషపడినాను, అబద్ధం ఎందుకు? ఇప్పుడు ఆ సంతోషం కూడా చెడగొట్టినారు."

"మీ బట్టీలో నూలుదారంతో ఏమైనా పని ఉంటాదా?"

అన్బళగన్ అయోమయంగా చూశాడు. "దారమా? మట్టి తొక్కతాము, అచ్చులో పోస్తాము, కాలస్తాము. దారంతో ఏం పని?"

తిరుగు బస్సులో ధర్మరాజ్ ఉండబట్టలేక అడిగేశాడు. "అన్నా, దొంగ దొరికినాడు కదా. దారం ఎందుకు అడిగినావు?"

"నువ్వు కండక్టరుగా ఉన్నప్పుడు టిక్కెట్టు లేనివాణ్ణి ఎట్లా పట్టేవాడివి?"

"ముఖం చూసి."

"అందుకే నిన్ను పనిలోంచి తీసేసినారు," అన్నాడు హనుమంతప్ప, కిటికీ పక్కకి జరిగి కూర్చుంటూ.

సాయంత్రం ఆరింటికి రేకుల గదిలో దీపాలు వెలిగాయి. ఆ రోజు పాఠం లేదని మాస్టారు మిగతావాళ్లని పంపేశాడు. సుబ్బరాయప్ప కుర్చీలో కూర్చుని, ఉయ్యాల అలవాటు పోక మోకాళ్లు ఊపుతున్నాడు. సరసు ఒక బల్లలో, అన్బళగన్ ఇంకో బల్లలో ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. మాదమ్మాళ్ సిమెంటు మరకల చీరతో పనినుంచి నేరుగా వచ్చి, తలుపు దగ్గర ఎప్పటి చోట కూర్చుంది.

"మొదట సరసు సంగతి," అన్నాడు హనుమంతప్ప. ఆయన గొంతులో ఎక్కడా తడబాటు లేదు. "ఈ ఉత్తరంలో కుదించడానికి వీలున్న ప్రతి మాటనీ కుదించినారు. కొత్త సైకిల్ కొన్నవాడు పక్కింటికి కూడా సైకిల్ మీదే పోతాడు చూడండి, ఇదీ అంతే. ఆ పాఠం అప్పుడే నేర్చుకొన్న సంబరం ఇది. పాఠం చెప్పింది మంగళవారం. ఉత్తరం పోస్టులో పడింది బుధవారం. మంగళవారం సరసు జొరంతో పడుకొంది. నోటుబుక్కులు చూద్దామంటే గురువారందాకా తొమ్మిది మంది చేతుల్లో, ఆ తర్వాత బీరువాలో ఉన్నాయి."

"ఎవురి పుస్తకమన్నా అడిగి చూసి ఉండచ్చు కదా?" అన్నాడు సుబ్బరాయప్ప.

"చూసి ఉంటే won't సరిగ్గా రాసేది. తొమ్మిది పుస్తకాల్లోనూ సరిగ్గా ఉంది. ఈ ఉత్తరంలో మాత్రం ఒక పై కామా ఎక్కువ. అది ఎక్కడినించి వచ్చిందో ఇప్పుడు చూద్దాం. మాస్టారూ, మంగళవారం పట్టీ మళ్లీ రాయండి. అన్బళగన్, నువ్వు నీ చోట కూర్చుని కాపీ చెయ్యి. ధర్మరాజ్, నువ్వు పోయి ఆయమ్మ పక్కన, గడప మీద కూర్చుని రాయి. నీకు ఇంగ్లీషు అంతంత మాత్రం. అదే మనకి కావాల్సింది."

మాస్టారు సుద్దముక్క తీసుకున్నాడు. I'm, I've, I'll, it's, can't, don't, won't అని ఒకదాని కింద ఒకటి రాశాడు. ఇద్దరూ దించుకున్నారు. హనుమంతప్ప రెండు కాగితాలూ తీసి సుబ్బరాయప్ప ముందు పెట్టాడు. అన్బళగన్ కాగితంలో won't. ధర్మరాజ్ కాగితంలో wo'n't.

"అరే!" అన్నాడు సుబ్బరాయప్ప. మోకాళ్లు ఊపడం ఆగిపోయింది.

"గోడ దగ్గరికి రండి. ఈ ఏడాది వానలకి ఇక్కడ గోరంత పెచ్చు ఊడింది. లోపలి సున్నం తెల్లగా బయటపడింది. మాస్టారి చెయ్యి ఇరవై ఏళ్లుగా ఒకే చోట రాస్తుంది కాబట్టి, ఆ పెచ్చు సరిగ్గా o కీ n కీ మధ్యన, పైన పడుతుంది. ముందు బల్లల్లో కూర్చున్నవాళ్లకి అది పెచ్చు అని తెలిసిపోతుంది. తలుపు దగ్గర కూర్చున్నవాళ్లకి అది సుద్దతో పెట్టిన కామానే. అన్బళగన్ మోసం చెయ్యాలని తప్పులు కావాలని రాసినా, ఈ తప్పు రాయలేడు. ఆ చోటినించి అట్లా కనిపిస్తుందని అతనికి తెలియదు."

అన్బళగన్ గట్టిగా ఊపిరి వదిలాడు. సరసు తల దించుకుని, "తప్పుగా అనుకొన్నాను. మన్నించు," అంది అతనితో.

"కాగితం మీద ఇటుకపొడి గీతలున్నాయి," హనుమంతప్ప సాగించాడు. "నూలుదారానికి పొడి రాసి, లాగి వదిలితే పడే గీతలవి. ఇటుక చేసేవాళ్లకి దారంతో పనిలేదు. ఇటుక పేర్చేవాళ్లకి దారం లేకపోతే గోడ నిలబడదు. కాబట్టి ఈ ఉత్తరం రాసిన మనిషి కట్టడం పని తెలిసిన మనిషి. మంగళవారం ఈ గడప మీద కూర్చున్న మనిషి. సరసుకి వచ్చిన ఆర్డరు కాగితం చేతికి అందే మనిషి. బుధవారం కడత్తూరులో ఉన్న మనిషి. మాదమ్మా, ఇప్పుడు నువ్వు పనిచేసే కట్టడం ఏ ఊర్లో?"

సరసు లేచి నిలబడింది.

"ఏం మాట్లాడతా ఉండారు సార్? మాయమ్మకి అక్షరం ముక్క రాదు. రేషన్ కార్డుకి వేలిముద్ర వేస్తాది!"

"కడత్తూరే సామీ," అంది మాదమ్మాళ్. గొంతు చిన్నగా ఉన్నా స్పష్టంగా ఉంది. "రాసింది నేనే."

"అమ్మా!"

"ఎనిమిది నెలలు ఇక్కడ కూర్చున్నాను కదా పాప. నువ్వు లోపల చదివేది, నేను ఇక్కడ్నించి చూసేది. మొదట్లో పొద్దు పోయేదానికి చూసినాను. తర్వాత సిమెంటు మూటల మీద అక్షరాలు తెలిసినాయి. ఇసక చదును చేసి వేలితో రాసేదాన్ని. ఎవురన్నా వస్తే చెరిపేసేదాన్ని. బస్సు మీద పేరు చదివినాను ఒక పొద్దు. ఎంత సంతోషమయిందో! ఎవురికి చెప్పుకొనేది?"

"దానికి నా పని చెడగొడతావా?" సరసు గొంతు పెంచింది. "నేను పోతే నీకేమి? నేను పోకూడదని ఎందుకు రాసినావు?"

"నువ్వు పోకూడదని కాదు. నువ్వు పోతే నేను ఎవురికి తోడని ఇక్కడికి వచ్చేది?" మాదమ్మాళ్ కళ్లు తుడుచుకోలేదు, అట్లాగే చెప్పింది. "పొద్దంతా తట్ట మోస్తాను. ఈ ఒక్క గంట నాది. నువ్వు పళ్లిపట్టి పోతే ఈ గడప మీద నన్ను ఎవురు కూర్చోనిస్తారు? ఇట్లా పోయింది బుద్ధి. రాసి డబ్బాలో వేసేసినాక చెయ్యి పెట్టి తీసుకొందామంటే అందలేదు. తప్పే పాప. పెద్ద తప్పు."

వడివేలు మాస్టారు కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. ఎనిమిది నెలలు తన వెనక బల్లలకన్నా వెనకగా ఒక స్టూడెంటు కూర్చుంటే చూడలేదే అని ఆయనకి సిగ్గేసింది.

"నన్ను అడిగి ఉంటే?" అంది సరసు. "నాకి కూడా నేర్పించమని ఒక్క మాట అడిగి ఉంటే?"

"నవ్వుతావనుకొన్నాను."

సరసు నోరు తెరిచింది. కాదు అందామనే తెరిచింది. ఆ మాట మానుకొని, తల్లి పక్కన గడప మీదికి వచ్చి కూర్చుంది.

"నవ్వేదాన్నే," అంది.

సుబ్బరాయప్ప గొంతు సవరించుకున్నాడు. "సోమవారం పది గంటలకి నువ్వే వచ్చి చేరు పాప. అన్బళగన్, నువ్వేమంటావు?"

"నేను అనేదేముంది సార్? అది ఆమెదే," అన్నాడు అన్బళగన్.

"ఇంకో చోటు ఖాళీ అయితే నీకే చెబుతాను." సుబ్బరాయప్ప ఆ మాట అని, ఇక దీని పీడ వదిలిందన్నట్టు ఉత్తరాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

మాస్టారు హాజరు పట్టీ తెచ్చి, మాదమ్మాళ్ ముందు కింద పరిచాడు. "సోమవారం నించి బల్లలో కూర్చోవాల. నీకు నువ్వే తోడు. పేరు రాయి."

మాదమ్మాళ్ పెన్ను పట్టుకోబోయి ఆగింది. ఆమె చూపు సుబ్బరాయప్ప వేళ్ల మీద ఉంది. ఆయన కాగితాన్ని మధ్యకి చింపబోతున్నాడు.

"చింపద్దు సామీ!" అంది కంగారుగా. "అది నేను రాసిన మొదటి కాగితం."

ఆయన చేతులు ఆగిపోయాయి. ఏం చెయ్యాలో తెలియక హనుమంతప్ప వైపు చూశాడు. సరసు లేచి వెళ్లి కాగితం తీసుకుంది, మడతలు సాపు చేసింది, మొదటినుంచి చివరిదాకా చదివింది. ముందు రోజు చదివినప్పుడు ఆమెకి అందులో తన పని పోవడం ఒక్కటే కనబడింది.

"రేపు ఆదివారం కదా, ఇంట్లో కూర్చుని దిద్దుకొందాం," అంది తల్లితో. "దీంట్లో రెండు తప్పులుండాయి."

మాదమ్మాళ్ తలెత్తి చూసింది.

"రెండేనా?" అంది.